ఆదివారం బిర్యానీ మానకుండా బయట తిండి ఖర్చు తగ్గించుకోవడం ఎలా

నలుగురు కలిసి ఓ మాదిరి ఏసీ రెస్టారెంట్‌కి వెళ్ళి రెండు స్టార్టర్లు, రెండు బిర్యానీలు, రోటీలు, ఒక కూర, చివర్లో ఏదో స్వీటు చెప్పుకుని లేచేసరికి బిల్లు రెండు వేలు దాటడం హైదరాబాద్‌లో మామూలైపోయింది. విజయవాడ, వైజాగ్‌లలో కూడా పెద్ద తేడా ఏమీ లేదు. ఇంకోపక్క ఉద్యోగాల సంగతి చూస్తే, 2025 జూలైలో టీసీఎస్ అంతటి కంపెనీయే తన ఉద్యోగుల్లో 2 శాతం మందిని, అంటే దాదాపు 12 వేల మందిని తగ్గించుకుంటామని చెప్పాక, మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఈఎంఐలు కట్టే ఏ ఇంట్లోనైనా ఎంతో కొంత టెన్షన్ ఉంటూనే ఉంది.

ఇలాంటప్పుడు మొదటి కోత బయట తిండి మీదే పడుతుంది. పడాల్సిందే. కానీ చాలామంది ఇళ్ళలో నేను చూసేదేమిటంటే, పిల్లలూ పెద్దలూ ఎదురుచూసే ఆదివారం భోజనం ముందు మానేస్తారు, వారం మధ్యలో ఓపిక లేక యాప్‌లో పెట్టే ఆర్డర్లు మాత్రం అలాగే నడుస్తుంటాయి. నెలాఖరుకి చూసుకుంటే ఖర్చు పెద్దగా తగ్గదు, ఇంట్లో ఉన్న కాస్త సరదా పోతుంది. అందుకని నేను చెప్పబోయేది తిరగేసి ఉంటుంది: కావాలని వెళ్ళే భోజనాన్ని చివరిదాకా కాపాడుకోవాలి, ఓపిక లేక తినేసే తిండి దగ్గర గట్టిగా ఉండాలి.

ధరలు మళ్ళీ దిగుతాయేమో చూద్దాం అనుకుని కూర్చోవడం వల్ల లాభం లేదు. హోటల్‌వాళ్ళు వాడేది 19 కిలోల కమర్షియల్ సిలిండర్, దాని రేటు సాధారణంగా ప్రతి నెలా ఒకటో తారీఖున మారుతుంది. మన దేశంలో వాడే వంట నూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచే వస్తుంది. 2024 సెప్టెంబర్‌లో ముడి నూనెల మీద దిగుమతి సుంకం సున్నా నుంచి 20 శాతానికి పెరిగింది, 2025 మే నెలాఖర్లో 10కి తగ్గింది, కానీ ఈలోపు పెరిగిన దోశ రేటు మాత్రం దిగిరాలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వెన్న, నెయ్యి మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గినా హోటల్ బిల్లు మీద 5 శాతం ఎప్పటిలాగే ఉంది. పైగా ఆ 5 శాతం పద్ధతిలో ఉన్న హోటల్‌కి తను కట్టిన పన్నులు వెనక్కి రావు. అద్దె మీద కట్టే 18 శాతం కూడా చివరికి మన ప్లేటులోనే కలుస్తుంది. కాబట్టి హోటల్‌వాళ్ళని తిట్టుకుని లాభం లేదు, మనం సర్దుకోవాల్సింది మన వైపే.

ముందు మూడు నెలల లెక్క తీయండి

ఒక గంట కూర్చుంటే చాలు. ఫోన్‌పే లేదా గూగుల్ పే హిస్టరీ, క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు, స్విగ్గీ, జొమాటోల్లో పాత ఆర్డర్ల జాబితా ముందు పెట్టుకుని తిండికి పోయిన ప్రతి మొత్తాన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదాని పక్కన ఒక అక్షరం వేయండి. ఆఫీసు పూట తప్పక తిన్నదైతే ‘ప’, ఇంట్లో ఓపిక లేక తెప్పించుకున్నదైతే ‘ఓ’, కావాలని, నలుగురితో కలిసి తిన్నదైతే ‘స’. టీ, సమోసా, కూల్‌డ్రింకు కూడా వదలొద్దు, అవన్నీ ‘ప’ లోకి వస్తాయి.

ఇప్పుడు మూడూ విడివిడిగా కూడండి. చాలా ఇళ్ళలో ‘ఓ’ మొత్తం ‘స’ కంటే ఎక్కువ వస్తుంది, అందులో గుర్తున్న భోజనం మాత్రం ఒక్కటీ ఉండదు. ఆర్డర్ పెట్టిన రోజు, టైము కూడా చూడండి. ఎవరింట్లోనైనా ఒక వరస కనిపిస్తుంది: రాత్రి కాల్స్ ఉండే రోజు, పిల్లల ట్యూషన్ నుంచి ఆలస్యంగా వచ్చే రోజు, ఊరి నుంచి తిరిగొచ్చిన రోజు. ఆ రోజులేవో తెలిస్తే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే వారం మొత్తం మారనక్కర్లేదు, ఆ రెండు మూడు సాయంత్రాలకి ముందే ఏర్పాటు ఉంటే సరిపోతుంది.

ఇది మీ ఒక్కరి అలవాటు అనుకోకండి. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వేలో పట్టణ కుటుంబాల నెల ఖర్చులో సుమారు 11 శాతం పానీయాలు, చిరుతిళ్ళు, ప్యాకెట్ తిండి, బయట వండిన భోజనం కలిపిన పద్దుకి పోతోందని తేలింది. పాలు, కూరగాయలు, బియ్యం, వీటిలో దేనికీ అంత వాటా లేదు.

ఓపిక లేని సాయంత్రాలు

యాప్‌లో ఆర్డర్ పెట్టేముందు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఈ పని చేయండి. మీరు ఎప్పుడూ తెప్పించుకునే ఐటమ్ కార్ట్‌లో వేసి చివరి మొత్తం రాసుకోండి. తర్వాత అదే హోటల్‌కి ఫోన్ చేసి “పార్సిల్‌కి వస్తాను, ఎంతవుతుంది?” అని అడగండి. తేడా ఎక్కడినుంచి వస్తుందో చెబుతాను. చాలా హోటళ్ళు యాప్‌కి కమిషన్ కట్టాలి కాబట్టి అక్కడ మెనూ రేటే కొంచెం ఎక్కువ పెడతాయి. దానిమీద ప్యాకింగ్ చార్జీ. దానిమీద డెలివరీ చార్జీ. 2023లో 2 రూపాయలతో మొదలైన ప్లాట్‌ఫామ్ ఫీజు రెండేళ్ళు తిరిగేసరికి పది దాటింది. తిండి మీద 5 శాతం జీఎస్టీ, ప్లాట్‌ఫామ్ ఫీజు మీద 18 శాతం, 2025 సెప్టెంబర్ 22 నుంచి డెలివరీ చార్జీ మీద కూడా 18 శాతం. వాన పడితే ఇంకో చార్జీ. ఇదంతా అయ్యాక “ఇంకో 40 రూపాయలు కలిపితే కూపన్ పనిచేస్తుంది” అని చూపిస్తే, అక్కర్లేని గులాబ్‌జామ్ ఒకటి కలుస్తుంది. హోటల్ మీ ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు ఉంటే నడిచో, బండి మీదో వెళ్ళి తెచ్చుకోండి. డెలివరీ తెచ్చే పిల్లాడి కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు, ఎండలో వానలో తిరిగేది వాళ్ళే. ఎప్పుడైనా తెప్పించుకుంటే యాప్‌లో కూపన్ వెతికే బదులు ఆ అబ్బాయి చేతిలో ఇరవై రూపాయలు పెట్టండి.

అసలు మన ఊళ్ళలో ఇంతకంటే మంచి దారి ఎప్పట్నుంచో ఉంది, కర్రీ పాయింట్. ప్రతి గల్లీ చివర ఒకటి ఉంటుంది, కానీ యాప్‌లు వచ్చాక బ్రహ్మచారులకి తప్ప ఎవరికీ గుర్తు రావడం లేదు. హోటల్ భోజనంలో మనం ఎక్కువ డబ్బు పెట్టేది అన్నానికి, రోటీకి, కూర్చునే చోటికి. అన్నం ఇంట్లో పదిహేను ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఆఫీసు నుంచి రాగానే బియ్యం కడిగి కుక్కర్ పెట్టేయండి, మూడు విజిల్స్ వచ్చేలోపు ఇంకొకరు వెళ్ళి ఒక పప్పు, ఒక కూర, ఒక పెరుగు పచ్చడి తెస్తే నలుగురి భోజనం. అదే నాలుగు మీల్స్ పార్సిల్ తెప్పించుకుంటే అయ్యే దాంట్లో సగం కూడా కాదు.

కర్రీ పాయింట్‌కి వెళ్ళేటప్పుడు కొన్ని చూసుకోవాలి. ఏడున్నర, ఎనిమిది లోపు వెళ్ళండి, బెండకాయ వేపుడు, దొండకాయ వేపుడు లాంటివి ముందు అయిపోతాయి. తర్వాత మిగిలేది బంగాళదుంప కూరే. స్టీలు డబ్బాలు తీసుకెళ్ళండి, మరుగుతున్న సాంబారుని పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోయించుకుని రబ్బరు బ్యాండు వేయించుకోవడం ఒంటికి మంచిది కాదు, డబ్బా ఇస్తే చాలామంది ఇంకో గరిటె ఎక్కువే వేస్తారు. గిన్నె మీద నూనె తేలుతున్న కూర కంటే పప్పు, పులుసు, రసం నయం. ఒకే చోట వారం రోజులు కొంటే ఏ రోజు ఏది బాగా చేస్తారో తెలిసిపోతుంది, కొట్టు నడిపే అక్కతో మాట కలిస్తే “ఇవాళ గోంగూర పప్పు తీసుకో, పొద్దున్నే ఆకు వచ్చింది” అని ఆవిడే చెబుతుంది.

అదీ కుదరని రోజుకి ఇంట్లో పదిహేను నిమిషాల్లో అయ్యే తిండి రెడీగా ఉండాలి. దోశ పిండి, గుడ్లు, అటుకులు, ఉప్మా రవ్వ, ఒక సీసాలో కందిపొడి, ఏదో ఒక నిల్వ పచ్చడి. వీటన్నిటికంటే అక్కరకొచ్చేది పులిహోర పులుసు. చింతపండు గుజ్జుని పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు, ఇంగువ వేసి నూనె పైకి తేలేదాకా ఉడికించి సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకుంటే రెండు వారాలు ఏ ఇబ్బందీ ఉండదు. రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చినా వేడన్నంలో కలిపి శనగపప్పు, పల్లీలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టుకుంటే అయిపోయింది. పిల్లలున్న ఇల్లయితే ఉల్లిపాయ గుడ్డు పొరటు, చపాతీ. సూపర్‌మార్కెట్‌లో కొన్న చపాతీలైనా పర్వాలేదు, యాప్‌తో పోలిస్తే అదీ చవకే.

ఒక్క మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. “ఇకనుంచి బయట తెప్పించుకోవద్దు” అని ఇంట్లో తీర్మానం చేసి, ఆ వంట భారమంతా ఆడవాళ్ళ నెత్తిన పెడితే ఆ తీర్మానం రెండో వారానికే పోతుంది, పోవాలి కూడా. ఆవిడా ఉద్యోగం చేసే వస్తోంది. ఓపిక లేని రోజులు ఇద్దరివీ వేరువేరుగా ఉంటాయి, ఎవరి వంతు ఏ రోజో ముందే అనుకోండి. వంట రాని మగవాళ్ళకి కుక్కర్ పెట్టడం, కర్రీ పాయింట్‌కి వెళ్ళి రావడం, గిన్నెలు కడగడం ఎలాగూ వచ్చు. ఎదిగిన పిల్లలకి పోపు పెట్టడం నేర్పితే వాళ్ళకే రేపు హాస్టల్లో పనికొస్తుంది.

ఆఫీసు పూట

దీని గురించి తక్కువే చెబుతాను. బాక్స్ తీసుకెళ్ళగలిగితే తీసుకెళ్ళండి, లేకపోతే ఆఫీసు దగ్గర నెలవారీ మెస్ మాట్లాడుకోండి. రోజువారీ రేటు కంటే నెలకి టోకెన్లు తీసుకుంటే తగ్గుతుంది, ఊరెళ్ళిన రోజులకి మినహాయిస్తారా అని ముందే అడగండి.

టీ, టిఫిన్ల చిల్లర ఖర్చుకి యూపీఐ లైట్, అంటే యూపీఐ యాప్‌లోనే ఉండే చిన్న పర్సు లాంటిది, బాగా పనికొస్తుంది. అందులో ఒకసారికి 5,000 రూపాయల దాకా ఉంచుకోవచ్చు. ఒకటో తారీఖున మీరు అనుకున్నంత, రెండు వేలో మూడు వేలో, అందులో వేసి ఆటో టాప్‌అప్ ఆపేయండి, ఆఫీసు దగ్గర కట్టేవన్నీ అక్కడినుంచే కట్టండి. ఇరవయ్యో తారీఖుకి అది ఖాళీ అయితే మీకే తెలుస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. బ్యాంకు ఖాతాలోంచి 15, 20, 40 చొప్పున పోయే డబ్బు అలా కంటికి కనిపించదు.

కావాలని వెళ్ళే భోజనం

దీనికి నెలకి ఇంత అని ముందే పక్కన పెట్టండి, నెలకి రెండుసార్లా ఒకసారా అన్నది మీ జీతాన్ని బట్టి. పక్కన పెట్టాక ఆ డబ్బు గురించి మళ్ళీ బాధపడొద్దు. వెళ్ళిన చోట ప్రతి ప్లేటూ వచ్చినప్పుడల్లా “ఇది ఇంత, అది అంత” అని లెక్కలు చెబుతూ తింటే డబ్బూ పోయింది, భోజనమూ పోయింది.

రాత్రి కంటే మధ్యాహ్నం వెళ్ళండి. చాలా చోట్ల బఫే రేటు రాత్రి కంటే మధ్యాహ్నం, శని ఆదివారాల కంటే మిగతా రోజుల్లో తక్కువ ఉంటుంది. బఫే అయితే చిన్నపిల్లలకి ఏ వయసు దాకా ఫ్రీ, ఏ వయసు నుంచి సగం అని ఫోన్‌లోనే అడగండి. తక్కువ తినే పెద్దవాళ్ళు ఇద్దరు, ఆరేళ్ళ పాప ఉన్న కుటుంబానికి బఫే దండగ. వాళ్ళకి ఆంధ్రా భోజనం హోటలే మేలు. పప్పు, కూర, వేపుడు, పచ్చడి, పులుసు, రసం, పెరుగు, అడిగినంత అన్నం, నెయ్యి, పొడి: ఈ డబ్బుకి ఇంత తిండి, ఇంత రకం పెట్టే భోజనం దేశంలో ఎక్కడైనా తక్కువే అని నా అభిప్రాయం. కొన్ని పాత హోటళ్ళలో కింద మామూలు హాలు, పైన ఏసీ హాలు ఉంటాయి. వంటగది ఒకటే, రేట్లు వేరు. చలికాలంలో కింద కూర్చోండి. జీఎస్టీ రెండు చోట్లా ఒకటే 5 శాతం, ఏసీకి వేరే శ్లాబు 2017 నవంబర్‌తోనే పోయింది. పెద్ద స్టార్ హోటళ్ళ లోపలి రెస్టారెంట్లలో మాత్రం, గది అద్దె రోజుకి 7,500 దాటే చోట, 18 శాతం పడుతుంది.

బిర్యానీ హోటల్లో బిల్లు పెంచేది బిర్యానీ కాదు. కూర్చోగానే ఆకలి మీద చెప్పే చికెన్ 65, అపోలో ఫిష్, ఒక్కొక్కరికీ ఒక మాక్‌టైల్. వాటితోనే కడుపు నిండిపోయి, చివర్లో వచ్చిన బిర్యానీ సగం మిగిలిపోతుంది. అందుకని క్రమం మార్చండి. ముందు బిర్యానీ చెప్పండి, “ఇది ఎంతమందికి వస్తుందన్నా, ముక్కలెన్ని ఉంటాయి?” అని అడగండి, చాలా చోట్ల ఒక ఫుల్ ఇద్దరికి సరిపోతుంది, ఫ్యామిలీ ప్యాక్ అయితే నలుగురైదుగురు తింటారు. స్టార్టర్ అందరికీ కలిపి ఒకటి. తిన్నాక ఇంకా కావాలంటే అప్పుడు చెప్పుకోవచ్చు, హోటల్ ఎక్కడికీ పోదు. మిగిలింది మొహమాటపడకుండా ప్యాక్ చేయించుకోండి. స్వీటు అక్కడ కాకుండా బయటికొచ్చి మిఠాయి కొట్లోనో, ఐస్‌క్రీమ్ బండి దగ్గరో తినండి. పిల్లలకి అదే ఇంకా సరదా.

పెద్దవాళ్ళని తీసుకెళ్తే ఇంకో సంగతి ఉంది. నాన్నగారి చేతికి మెనూ ఇవ్వగానే ఆయన కళ్ళు ఎడమవైపు పేర్ల మీద ఉండవు, కుడివైపు అంకెల మీద ఉంటాయి. వేలితో కిందికి జరుపుకుంటూ వెళ్ళి అన్నిటికంటే తక్కువ రేటున్న దగ్గర ఆగి “నాకు పెద్దగా ఆకలి లేదురా, రెండిడ్లీ చాలు” అంటారు. అమ్మ వెంటనే “నాకూ అదే” అంటుంది. వాళ్ళ చేతికి మెనూ ఇవ్వకండి. వాళ్ళకేది ఇష్టమో మీకు తెలుసు, నేరుగా చెప్పేయండి. ప్లేటు ముందుకొచ్చాక తింటారు.

హోటల్ అన్నప్పుడల్లా భోజనమే కానక్కర్లేదు. సాయంత్రం ఇరానీ హోటల్లో నాలుగు చాయ్‌లు, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు, గంటసేపు కబుర్లు. ఇది కూడా బయటికెళ్ళడమే. కార్తీక మాసంలో అయితే మనకి వనభోజనాలు ఉండనే ఉన్నాయి. అపార్ట్‌మెంట్ వాళ్ళో, బంధువులో ఏడెనిమిది కుటుంబాలు కలిసి ఏ తోటకో, చెరువు గట్టుకో వెళ్ళండి. ఒకరు పులిహోర, ఒకరు గారెలు, ఒకరు ముద్దపప్పు ఆవకాయ, ఒకరు చక్రపొంగలి తెస్తే చాలు. ఒక ఉసిరిచెట్టు కింద చాపలు పరిచి అందరూ కలిసి తింటే ఒక్కో ఇంటికి పడేది ఒక స్టార్టర్ ఖరీదు. కార్తీకంలోనే ఎందుకు, చలికాలం అంతా పెట్టుకోవచ్చు.

ఆఫర్లు చూసి మోసపోకండి

టేబుల్ బుక్ చేసే యాప్‌లలో 25 శాతం, 40 శాతం తగ్గింపులు నిజమే, కానీ ముందు మీకు కావాల్సిన హోటల్ అనుకుని తర్వాత దానికి ఆఫర్ ఉందేమో చూడండి. ఆఫర్ చూసి హోటల్ ఎంచుకుంటే మామూలుగా ఎన్నడూ వెళ్ళని రేట్ల చోటికి వెళ్తారు. తగ్గింపు పోగా కట్టేది మీ మామూలు బిల్లు కంటే ఎక్కువే ఉంటుంది. కనీస బిల్లు ఎంత, బఫేకి వర్తిస్తుందా, బుకింగ్‌కి ముందే కట్టిన డబ్బు చివర్లో తీసేస్తారా అన్నవి అడగండి. డెలివరీ యాప్‌ల మెంబర్‌షిప్ తీసుకుని ఉంటే దాని ఆటోపే రద్దు చేయండి, ఎందుకంటే డబ్బు కట్టాం కదా అని ఆర్డర్లు పెరుగుతాయి తప్ప తగ్గవు. హోటల్ బిల్లు క్రెడిట్ కార్డు మీద కట్టి, ఆ నెల మినిమమ్ డ్యూ మాత్రమే కట్టే పరిస్థితి ఉంటే అసలు వెళ్ళొద్దు. చాలా కార్డుల మీద వడ్డీ నెలకి 3 శాతం పైనే, పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు ఉండదు.

బిల్లు చదవండి

బిల్లు రాగానే ఫోన్ పెట్టి స్కాన్ చేయకుండా ఒక నిమిషం చదవండి. తినని ఐటమ్ ఉందా, రెండు రోటీలు నాలుగయ్యాయా, ఇవి మొదట.

తర్వాత ‘సర్వీస్ చార్జ్’ అన్న వరస. ఇది పన్ను కాదు, ప్రభుత్వానికి పోదు. బిల్లులో దానంతట అది కలపకూడదని, ఏ పేరు పెట్టీ బలవంతంగా వసూలు చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. కనిపిస్తే గొంతు పెంచనక్కర్లేదు, “అన్నా, సర్వీస్ చార్జ్ తీసేసి బిల్లు మళ్ళీ కొట్టించు” అంటే చాలు, చాలామంది మారుమాట లేకుండా తీసేస్తారు. తీయకపోతే మేనేజర్‌ని పిలిపించండి. ఆయనా వినకపోతే బిల్లు కట్టి, ఫోటో తీసుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. సర్వీస్ చార్జ్ మీద మళ్ళీ జీఎస్టీ కూడా వేస్తారు, ఆ రెండూ కలిపి చూసుకోండి. వడ్డించిన కుర్రాడికి ఇవ్వాలనిపించింది అతని చేతికే ఇవ్వండి. అది మానొద్దు, మన ఖర్చు తగ్గించుకునే దారి అతని మీదుగా వెళ్ళకూడదు.

జీఎస్టీ వరస కూడా చూడండి. మామూలుగా 2.5 శాతం కేంద్రానిది, 2.5 శాతం రాష్ట్రానిది అని రెండుగా ఉంటుంది. బిల్లు మీద జీఎస్టీ నంబరు 15 అక్షరాలది ఉండాలి. తెలంగాణలో అయితే 36తో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే 37తో మొదలవుతుంది. నంబరే లేకుండా జీఎస్టీ వేశారంటే అది వసూలు చేసే హక్కు వాళ్ళకి లేదు. కోటిన్నర లోపు టర్నోవర్ ఉన్న చాలా హోటళ్ళు కాంపోజిషన్ అనే, చిన్న వ్యాపారాలకి ఉన్న పన్ను పద్ధతిలో ఉంటాయి. వాళ్ళు పన్ను తమ జేబులోంచే కట్టాలి, కస్టమర్ దగ్గర వేరుగా తీసుకోకూడదు. అనుమానం వస్తే జీఎస్టీ వెబ్‌సైట్‌లో ‘సెర్చ్ ట్యాక్స్‌పేయర్’ దగ్గర ఆ నంబరు కొట్టండి, రెగ్యులరా కాంపోజిషనా అన్నది అక్కడే కనిపిస్తుంది. ఇక మందు తాగి ఉంటే దాని మీద జీఎస్టీ పడదు, 5 శాతం తిండి మొత్తం మీదే లెక్కకట్టారో లేదో చూడండి.

వాటర్ బాటిల్ దగ్గర మాత్రం గొడవపడకండి. కూర్చోబెట్టి వడ్డించే హోటల్ ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబర్‌లోనే చెప్పింది. దానికి మందు ముందే ఉంది: కూర్చోగానే “రెగ్యులర్ వాటరా, బాటిలా సార్?” అని అడిగితే “మామూలు నీళ్ళు” అనండి, మూత తీసేశాక ఏమీ చేయలేరు.

స్నేహితులు, ట్రీట్లు

డబ్బు కంటే కష్టమైంది ఇదే. “ప్రమోషన్ వచ్చింది, ట్రీట్ ఎప్పుడు?”, “బర్త్‌డే కదా”, “కొత్త కారు కొన్నావ్”. మనవాళ్ళలో బిల్లు నేను కడతానంటే నేను కడతానని వెయిటర్ చేతిలోంచి లాక్కోవడం ఒక మర్యాద, ఉద్యోగం ఊగుతున్నవాడు కూడా ఆ లాగులాటలో వెనక్కి తగ్గలేడు. మీకు ఇబ్బందిగా ఉంటే బిల్లు వచ్చేదాకా ఆగకండి. వాట్సాప్ గ్రూపులో చోటు గురించి మాట మొదలవగానే మీరే ముందు ఒక పేరు చెప్పండి: “ఫలానా చోట మండి బాగుంటుంది, మధ్యాహ్నం వెళ్దాం, ఎవరిది వాళ్ళు కట్టుకుందాం.” మొదట చెప్పినవాడి మాటే ఎక్కువసార్లు సాగుతుంది. ట్రీట్ మీరే ఇవ్వాల్సి వస్తే ఇంటికి పిలవండి. అరడజను మందికి ఇంట్లో నాటుకోడి పులుసు, గారెలు పెడితే రెస్టారెంట్ బిల్లు కంటే చాలా తక్కువలో అయిపోతుంది, తిన్నవాళ్ళు ఏడాది చెప్పుకుంటారు.

ఎదుటివాడి పరిస్థితి మీకు తెలిస్తే ఇంకా మంచి పని చేయొచ్చు. ఉద్యోగం పోయిన ఫ్రెండ్‌ని గ్రూపులోంచి పిలవడం మానేయకండి. అలా మానేస్తే వాడికి రెండో దెబ్బ. చాయ్‌కి రమ్మనండి. లేదా వెళ్ళేముందు విడిగా ఫోన్ చేసి “ఈసారి నాదిరా, నీ ఉద్యోగం వచ్చాక నువ్వు ఇద్దువు” అని చెప్పండి. అందరి ముందు చెప్పొద్దు.

నిజంగానే ఉద్యోగం పోతే

అప్పుడు క్రమం ఇలా ఉండాలి. డెలివరీ యాప్‌లు ఆ రోజే ఫోన్‌లోంచి తీసేయండి, వాటితో ముడిపడ్డ ఆటోపేలన్నీ ఆపేయండి. ఆఫీసు పూట ఖర్చు ఎలాగూ ఉండదు. ‘స’ ఖర్చు మాత్రం పూర్తిగా సున్నా చేయకండి, నెలకి ఒకసారి చాయ్ బిస్కెట్ అయినా, పిల్లలకి ఒక మిర్చి బజ్జీ ప్లేటైనా ఉండాలి, ఇంట్లో అందరూ బిగుసుకుపోయి కూర్చుంటే ఇంటర్వ్యూలకి వెళ్ళే మనిషి మీదే ఆ బరువు పడుతుంది. పిల్లలకి అబద్ధం చెప్పకండి, పదేళ్ళ పిల్లలకి “నాన్నకి కొత్త ఉద్యోగం వచ్చేదాకా పిజ్జా ఆపుదాం, ఇంట్లో దోశ మీద చీజ్ వేసుకుందాం” అంటే బాగానే అర్థమవుతుంది.

ఇంటికి దూరంగా పీజీల్లో ఉండి ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకి ఇంకో మాట. హైదరాబాద్‌లో 2014 నుంచి 5 రూపాయల భోజనం నడుస్తోంది, 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లుగా పేరు మారి 5 రూపాయలకే టిఫిన్ కూడా మొదలైంది. ఆంధ్రలో అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టు 15న మళ్ళీ తెరిచారు, టిఫిన్, మధ్యాహ్నం, రాత్రి, పూటకి 5 రూపాయలు. అక్కడ లైన్లో నిలబడటానికి సిగ్గుపడకండి. ఆటోవాళ్ళు, ఆసుపత్రికి వచ్చినవాళ్ళు, పరీక్షలకి చదివే పిల్లలు అందరూ తింటారు. మధ్యాహ్నం క్యాంటీన్లు తెరిచే వేళకే వెళ్ళండి, ఆలస్యమైతే అన్నం అయిపోయిందంటారు. మిగిలిన డబ్బు బస్‌పాస్‌కి, ఇంటర్వ్యూకి వెళ్ళే రోజు చొక్కా ఇస్త్రీకి పనికొస్తుంది.